పెంటికల దారి

నాలుగు కిలోల స్టైలో గింజలు
కనిగిరి నుంచి బస్సులో వొళ్ళో పెట్టుకుని తెచ్చాను.
సంచి తడిమి చూసి కండక్టరు ఆవాలనుకున్నాడు.

ఆ గింజ తోలు గట్టిది.
మా పెద్దాఫీసరు గుండెంత, అనబోయి ఆగాను.
రిటైరైనా కొన్ని భయాలు రిటైరు కావు.

వేలు పెట్టలేనంత వేడినీళ్ళలో నాలుగు నిమిషాలు నానితే గానీ
లోపలికి తడి దిగదు.
పశువుల ఆస్పత్రి స్టవ్వు మీద,
సిరంజీలు ఉడకబెట్టే సత్తు గిన్నెలోనే పెట్టాను ఎసరు.
నీడన ఆరబోసి, ఇసకలో కలిపి,
ఆరుద్ర వాన ఇంకుతుండగా
గుండ్లోపల్లి మేతబీడు మీద చల్లాను.
మూడెకరాల ఎర్ర గరప.
అడుగు లోతున పలుగు మొన విరిచే రాయి.
చుట్టూ చిల్లకంప.

కంప అవతల మాల్కొండయ్య,
భుజాన గొంగడి, వెనక నూట పది జీవాలు.
"గడ్డి మొలిచేకాడ ఈ మొక్కలేంది కాలేషా?"
"గడ్డికి తమ్ముడనుకో."
"తమ్ముడైతే వాటా అడగడా?"

భాద్రపదంలో ఒక మొక్క పెళ్ళగించి అతని చేతిలో పెట్టాను.
వేళ్ళకు రాగి గింజల్లాంటి బుడిపెలు.
గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు,
పొదిగిన గుడ్డులో మూడోనాటి చుక్కలాగ.
గాలిలోంచి సత్తువ లాగి నేలకిచ్చేది ఇదే అన్నాను.
ఆయన ఎంతోసేపు ఆ గోరే చూసుకున్నాడు.
"వాటా అడక్కపోగా, పెడతాడన్నమాట."

కంప తీశాం.
జీవాలు గడ్డి మేశాయి,
స్టైలోని మూతితో పక్కకు నెట్టి మరీ మేశాయి.
రిజిస్టరులో రాశాను: రుచి, తక్కువ.

మాఘం దాటాక
గడ్డి తాటాకు చాపలా కరకరలాడినప్పుడు,
బీడంతా గోధుమరంగు తిరిగినప్పుడు,
ఇంకా కొసన పచ్చగా ఉన్నది అదొక్కటే.
చూలు గొర్రెలు మోకాళ్ళ మీద వంగి
కంపకింద కొమ్మల్ని కూడా వదల్లేదు.
రుచి అన్నమాట కొట్టేశాను.
దానికి బదులు ఏం రాయాలో తెలియక ఆ గడి అట్లానే ఉంది.

రెండో ఏడు తుఫాను ముసురు, తొమ్మిది రోజులు.
ఆకుల మీద నల్లమచ్చలు, కాడలకు నల్లపట్టీలు.
మూడో ఏడు మబ్బే రాలేదు.
ఇనప చట్రం భుజానేసుకుని పోయి
బీడులో పదిచోట్ల పరిచి లెక్కబెట్టాను.
సున్నా. సున్నా. ఒకటి. సున్నా.
మిగతా ఆరూ చెప్పను.
'విఫలం' అని రాసి సంతకం చేశాను.
నా సర్వీసులో అంత గుండ్రంగా సంతకం
ఇంకెప్పుడూ పడలేదు.

ఈ కార్తీకంలో పామూరు రోడ్డున పోతూ
సైకిలు ఆపి ఊరికే దిగాను.
బీడు బీడుగానే ఉంది.
కానీ కంప సందు నుంచి వాగుదాకా,
వాగు దాటి పొగాకు చేలగట్టుదాకా,
మాల్కొండయ్య రాత్రులు మంద కట్టే చెలకదాకా
చిన్న చిన్న పసుపు పూలు.
గిట్టల గుంతల్లో, పెంటికలు రాలినచోటల్లా.

నా సత్తు గిన్నె చేసిన పనిని
కళ్ళకింద నల్లచారల జోడిపి గొర్రె
కడుపులో చేసుకుంటూ నడిచింది,
రోజుకు రెండు కోసులు, జీతం లేకుండా.

చట్రం తెచ్చుకోలేదు.
తెచ్చినా, దారి మీద దాన్ని ఎక్కడని పరుస్తాం?

మాల్కొండయ్య దూరంనుంచే అరిచాడు,
"మీ తమ్ముడు కాపరం మార్చాడయ్యో!"

గొంతుక్కూర్చుని ఆకులు తిరగేసి చూశాను.
రెండు మూడింటికి
ఆ మచ్చలు ఉన్నాయి.
ఉండనీ.